స్పీడు బండి

"అస్లామూ, ఇది స్పీడు బండేనా?" అని అడిగింది మాణిక్యమ్మ, ముందుభాగం నుజ్జయిన చిన్నకారును చూస్తూ.

చీరాలలో అస్లాం మెకానిక్ షెడ్డు అది. పదకొండు రోజుల కిందట వాడరేవు రోడ్డులో ఆ కారు చెట్టుకు గుద్దుకుని ఆమె కొడుకు బాబ్జీ పోయాడు.

"ఇప్పుడెందుకు పిన్నీ?"

"కొనేటప్పుడు భయమేసి వద్దన్నాను. 'ఇంజను ముందు చక్రాల్ని తిప్పే కారు స్పీడు బండే కాదంట, మన అస్లామే అన్నాడమ్మా' అన్నాడు బాబ్జీ. నీ మాట మీద ఒప్పుకున్నాను. వాడు నాకు అబద్ధం చెప్పాడా?"

స్నేహితుల ముందు బాబ్జీని ఏడిపించడానికి, కారు కొనకముందు నుంచీ అస్లాం రోజూ అనే మాట అది. "వాడరేవు దాకా నా వెనకే రా, చూపిస్తా" అని ఉడుక్కుంటూ వెళ్లాడు బాబ్జీ ఆ రోజు. వెనకాల బైకు మీద వెళ్లిన అస్లాంకి కారు అసలు అందలేదు.

"వాడు అబద్ధం చెప్పలేదు పిన్నీ, చెప్పింది నేను. ఇది మంచి స్పీడు బండి. నాకు మొదటి రోజే తెలుసు."

మాణిక్యమ్మ అతని ముఖంలోకి చూసింది.

"ఈ ముక్క వాడితో ఒక్కసారన్నా అన్నావా నాయనా?"

అస్లాం తల అడ్డంగా ఊపాడు.