తొలి ముద్ద

"కూరలో ఉప్పు ఎక్కువైందమ్మా!"

హోటలు తలుపులు తీసి ఇంకా బల్లలు తుడవనే లేదు. మూలబల్ల దగ్గర పెద్దాయన అప్పుడే తొలి ముద్ద మింగి, వంక పెట్టాడు.

వంటింటి కిటికీలోంచి వదిన పళ్లు కొరికింది.

అక్కడ తినే వాళ్లందరికీ ఆమె వదినే. గల్లా దగ్గర కూర్చునే మరిది అలా పిలుస్తాడని అందరికీ అదే అలవాటైంది. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఆ పొయ్యే. గరిటె చేతిలో ఉన్నంతకాలం ఇంట్లో ఆమె మాట చెల్లుతుంది. ఆ గరిటె ఎప్పుడు జారుతుందా అని తోడికోడలు కాచుకుని ఉంది.

కానీ పోయిన వానల్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ వదిన నాలుకని చంపేసింది. ఉప్పు, కారం, పులుపు అన్నీ ఒక్కటే. నోట్లో తడిగుడ్డ పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చేతికున్న అలవాటు మీద నెట్టుకొస్తోంది. అందరూ చూస్తుండగా కూర బొట్టు అరచేతిలో వేసుకుని నాకి, కుదిరిందన్నట్టు తలూపుతుంది.

ఆ కొద్దిరోజులకే ఈ ముసలాయన దాపురించాడు. అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

అందరికంటే ముందొస్తాడు. ఒక్క ముద్ద తింటాడు. ఉప్పు తక్కువనో, కారం ఎక్కువనో అంటాడు. నిండు కంచం అలాగే వదిలేసి, డబ్బులిచ్చి పోతాడు. జనం ఆయనకి 'వంకలాయన' అని పేరు పెట్టారు.

"అన్నం అంతలా పారేస్తాడు, కళ్లు పోవూ!" అని తోడికోడలు సణిగేది.

ఆయన గడప దాటగానే వదిన గిన్నె దగ్గరికి చేరేది. తక్కువన్న రోజు ఇంత ఉప్పు వేసేది. ఎక్కువన్న రోజు నీళ్లు పోసి మరిగించేది.

'ఆయన మాట విని కాదు, ఎందుకైనా మంచిదని' అనుకునేది.

తర్వాత వచ్చినవాళ్లు వేళ్లు నాక్కుంటూ తినేవాళ్లు. తన చెయ్యి అలాంటిదని వదిన మురిసిపోయేది.

ఒకరోజు తాపీపనివాళ్ల గుంపు ఒకటి ఆయనతోపాటే వచ్చి కూర్చుంది.

"ఆగమ్మా, వాళ్లకి అప్పుడే వడ్డించకు. ఇవాళ ఉప్పు మరీ ఎక్కువైంది" అన్నాడు పెద్దాయన.

మరిది గల్లా మీంచి తలెత్తాడు. "ఏంటి వదినా, రోజూ ఈ ఉప్పు గోల?"

ఇంకొన్నాళ్లు ఈ ముసలాయన్ని ఇలాగే వాగనిస్తే తన గుట్టు వీధిన పడుతుంది. వదిన గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"నా వంటకి వంక పెట్టడానికి నువ్వెవరయ్యా? నన్ను కట్టుకున్నోడివా? నన్ను కన్నోడివా? నీ నాలిక మీద పుండుంటే ఎవరికైనా చూపించుకో. రేపట్నుంచి ఈ గడప తొక్కావంటే మర్యాద దక్కదు!"

తాపీవాళ్లు పకపకా నవ్వారు. "పోయి పోయి వదినతో పెట్టుకున్నాడ్రా!"

పెద్దాయన కోప్పడలేదు.

"ఎవర్నీ కాదులేమ్మా" అన్నాడు. చెయ్యి కడుక్కుని, గిన్నె వైపోసారి, ఆమె వైపోసారి చూసి వెళ్లిపోయాడు.

నవ్విన నోళ్లే తొలి ముద్దకి వంకర్లు పోయాయి.

"ఏంది వదినా, సముద్రం ఒంపావా?"

మర్నాడు కూర చప్పిడి. ఆ మర్నాడు మళ్లీ ఉప్పుకషాయం. బల్లలు ఖాళీ అవుతూ వచ్చాయి.

ఒక మధ్యాహ్నం మరిది స్వయంగా కంచంలో అన్నం, కూర పెట్టి తెచ్చాడు. "పొద్దుట్నుంచి నువ్వేం తిన్నట్టు లేదు. తిను వదినా."

మరిది ఎదురుగా కూర్చుని చూస్తుంటే, వదిన కంచం ఊడ్చినట్టు తినేసింది.

"ఎలా ఉంది?"

"బాగానే ఉందిగా!"

"గుప్పెడు ఉప్పు కలిపాను వదినా" అన్నాడు మరిది, నేల చూస్తూ.

సాయంత్రానికి గరిటె తోడికోడలి చేతికొచ్చింది. వదినకి పెరట్లో ఉల్లిపాయల బుట్ట మిగిలింది. ఒకందుకు అదే నయం. ఉల్లిపాయలు తరిగేవాళ్లని ఎందుకేడుస్తున్నావని ఎవరూ అడగరు.

కొన్నాళ్లకి ఒకావిడ పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"వదినంటే మీరేనా? మా నాన్న రోజూ ఇక్కడికి వచ్చేవాడట. మూలబల్ల దగ్గర కూర్చునేవాడట."

"వంక..." వదిన నాలిక కరుచుకుంది. "పెద్దాయనా? ఎలా ఉన్నాడు?"

"పోయాడు. గుండె జబ్బు. డాక్టరు ఉప్పు ముట్టొద్దన్నాడు. ఇంట్లో నేను చప్పిడి కూడు పెడుతుంటే, ఈయనిక్కడికొచ్చి తినేవాడని ఇప్పుడు తెలిసింది. మీరెందుకు పెట్టారండీ?"

"ఒక్క ముద్దేనమ్మా తినేది. ఒట్టు! మిగతాది ముట్టేవాడే కాదు."

"ఆ ఒక్క ముద్ద కోసం అంత దూరం నడిచొచ్చాడా? పోయేముందు ఒకటే కలవరింత, 'ఆ పిల్ల కూరకి ఉప్పెవరు చూస్తున్నారో' అని. ఏ పిల్లో నాకు అర్థం కాలేదు."

వదిన చేతిలో కత్తి ఆగిపోయింది.

"నాకు నాలిక చచ్చిపోయిందమ్మా. ఎవరికీ చెప్పలేదు. ఆయనకెలా తెలిసింది?"

ఆవిడ గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"కూర అరచేతిలో వేసుకుని నాకి, బాగుందన్నట్టు తలూపేవారా?"

"అవును."

"మా అమ్మా అంతే. తనకి రుచి తెలియట్లేదని ఆఖరి రోజున గానీ నోరు విప్పలేదు. అప్పటిదాకా ఉప్పెక్కువైందని, తక్కువైందని రోజూ కంచం ఆమె మొహాన విసిరికొట్టింది మా నాన్నే."