మిగులు గుడ్డ

ఆ రోజు పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు.

అయినా కటింగ్ మాస్టారుకి వెలుతురు చాలలేదు. చొక్కాలు కుట్టే కార్ఖానాలో కిటికీ పక్కన నిలబడి, ఫోన్‌ను చెయ్యి చాచినంత దూరం పెట్టి, ఓనరుకి మెసేజ్ కొడుతున్నాడు.

‘కొత్తవాడు దొంగ. మిగులు గుడ్డ ఎత్తుకుపోతున్నాడు.’

మరీ మొరటుగా ఉంది. తుడిచేశాడు.

కొత్తాయన వచ్చి మూడు నెలలు. మాస్టారు కత్తిరించిన ముక్కల్ని కట్టలు కట్టి మిషన్లకి అందించడం అతని పని. ఆ మాత్రానికే అందరూ అతని చుట్టూ మూగుతారు. ఇరవై ఏళ్ళుగా మాస్టారు బల్ల దగ్గర మూగిన వాళ్ళే! మొన్న ఓనరు కూడా అతని భుజం తట్టాడు.

‘నాకెందుకులే గానీ, చెప్పకపోతే తప్పని...’

నీకెందుకని అడిగితే? అదీ తుడిచేశాడు.

“పొద్దున్నుంచీ ఆ ఫోన్ పిసుకుతూనే ఉన్నావ్. ప్రేమలేఖా అన్నయ్యా?” చొక్కాలకు చేతులు అతికే చెల్లెమ్మ మిషన్ మీంచి అంది.

“ప్రేమే. మీ కొత్తాయన మీద.”

“అబ్బో, కుళ్ళు!”

పదోసారికి కుదిరింది. ‘అతని మీద నాకేమీ లేదండీ. మిగులు గుడ్డ మాత్రం తగ్గిపోతోంది. ఒకసారి చూసుకోండి.’

పంపేశాడు.

మర్నాడు ఓనరు కొత్తాయన్ని నిలబెట్టి అడిగాడు. “గుడ్డ ఏమైంది?”

కొత్తాయన ఒక్కసారి మాస్టారు వైపు చూశాడు. “వాడానండీ.”

“దేనికి?”

కొత్తాయన తన కత్తెరను సంచిలో వేసుకుని, పని వదిలి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి రోజు అన్నాల వేళకి చెల్లెమ్మ రెండు చొక్కా చేతులు తెచ్చి మాస్టారు బల్ల మీద పరిచింది.

“ఇవి జత కుదరట్లేదన్నయ్యా. ఒకటి అరంగుళం పొట్టి.”

“నా కటింగా? ఇరవై ఏళ్ళలో ఎప్పుడైనా వచ్చిందా అలా?”

“మూడు నెలలుగా వస్తోంది.” గొంతు తగ్గించింది. “నీ చూపు తగ్గింది. తేడా వచ్చిన ముక్కలన్నీ కొత్తాయనే పొద్దున్నే వచ్చి, మిగులు గుడ్డలో మళ్ళీ కత్తిరించి పెట్టేవాడు. నీకు చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు.”

మాస్టారు ఆ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచుల్ని వేలితో తడిమాడు.

“మరి... ఓనరుకైనా చెప్పొచ్చుగా?”

“చెప్తే నీ పని పోదూ?”

మిగతావాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. మెసేజ్ ఎవరు పంపారని ఒక్కరూ అడగలేదు. ఆ చొక్కా చేతుల్ని ఓ పక్కకి జరిపి, మాస్టారు బల్ల చుట్టూనే కూర్చుని, తలలు వంచుకుని తిన్నారు.