ఆయన కింద మనిషి

బెంగాలీ గడ్డ మీది రైల్వే ఊళ్లో, మలంచా పేటలో గోపాలంగారి పెద్దకర్మ. భోజనాల వేళ.

గేటు దగ్గర ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, చేతిలో గుడ్డసంచి. షామియానా వైపు, దండ వేసిన ఫోటో వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

గోపాలంగారి అబ్బాయి శ్రీచరణ్ ఆయన దగ్గరికి వెళ్లాడు.

"ఎవరండీ?"

హిందీలో అడిగాడు. బెంగాలీలో అడిగాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"తమిళ్," అన్నాడు. ఫోటో చూపించి, "గోపాలం సార్... డెడ్?"

"యెస్. హి వజ్ మై ఫాదర్."

పెద్దాయన సంచి కింద పెట్టి కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"హౌ డు యూ నో హిమ్?"

ఆయన మాటలు వెతుక్కున్నాడు.

"ఐ... అండర్ హిమ్."

శ్రీచరణ్ స్కూల్లో ఇంగ్లిషు మాస్టారు. ఎంత దుఃఖంలో ఉన్నా తప్పు వినబడితే ఊరుకోలేడు.

"యూ వర్క్‌డ్ అండర్ హిమ్," అని మెల్లగా సరిచేశాడు.

"నో వర్క్." పెద్దాయన ఒక అరచేతిని రెండో అరచేతి కింద పెట్టి చూపించాడు. "హిమ్... అప్. మీ... అండర్."

శ్రీచరణ్ నవ్వు ఆపుకున్నాడు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఆయన కింద పనిచేసినవాళ్లు పొద్దుటినుంచి వస్తూనే ఉన్నారు. ఈయనా ఒకడు.

"ఎర్రయ్యా! నాన్న స్టాఫట. మీవాళ్లతో కూర్చోబెట్టు."

ఎర్రయ్య పెద్దాయనను ఎగాదిగా చూశాడు.

"ముప్పయ్యేళ్లు మీ నాన్నగారి కాడే సేసినాను బాబూ. ఇతగాణ్ణి ఎప్పుడూ సూడనేదు."

"అంతమందిలో ఎవరు గుర్తుంటారులే."

అప్పుడే హెడ్‌మాస్టరు లోపలికొచ్చాడు. శ్రీచరణ్ అటు తిరిగాడు.

పెద్దాయన చివరి వరసలో కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి ఫోటో ముందు నిలబడ్డాడు. వెనకున్నవాళ్లు కాస్త జరగమనేదాకా అక్కడే ఉన్నాడు.

వెళ్లేటప్పుడు శ్రీచరణ్ స్టాఫుకు పంచుతున్న తువ్వాలు ఒకటి ఇచ్చాడు. ఆయన రెండు చేతులా అందుకున్నాడు.

"మదర్?" అని లోపలికి చూశాడు.

"రెస్టింగ్."

"ఓకే సార్. చెన్నై ట్రెయిన్." దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం జనం పల్చబడ్డాక సరోజాదేవి వరండాలోకి వచ్చి కూర్చుంది.

"అమ్మా, నాన్న అండర్‌లో తమిళాయన ఎవరైనా ఉండేవాడా? తెలుగు రాదు, హిందీ రాదు."

"ఆ రెండూ రాకుండా ఇక్కడ వర్క్‌షాపులో ఎలా గడుస్తాదిరా? ఏటన్నాడు?"

శ్రీచరణ్ ఆయన మాటల్ని అలాగే అని వినిపించాడు. అరచేతులు ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించాడు.

సరోజాదేవి ఆ చేతులవైపే చూస్తూ ఉండిపోయింది.

"చెన్నైలో నాన్నకి గుండె ఆపరేషనైన ఏడు... వరదలొచ్చినాయి, గుర్తుందా?"

"ఉందమ్మా. నేను రాలేకపోయాను. రైళ్లు ఆగిపోయాయి."

"నేను మందులకెళ్లి నీళ్లకి అవతల చిక్కిపోనాను. లాడ్జి కింద గదిలో ఆయనొక్కరే. మంచం దిగలేని మనిషి."

"బోటులో వచ్చి తీసుకెళ్లారన్నారు కదా."

"బోటు మధ్యాహ్నానికి గాని రాలేదు. పక్కగదాయన ఒకడు మెట్లెక్కి పైకెళ్లిపోకుండా వెనక్కొచ్చినాడట. నాన్న సొమ్మసిల్లిపోకుండా పేరేటి, ఊరేటి, పేటేటి అని అడుగుతూనే ఉన్నాడట. బోటులో ఒక్కడికే చోటుంటే నాన్ననే ఎక్కించినాడు. అన్నీ చెప్పి ఆ మనిషి పేరు అడగలేకపోయినానని నాన్న పోయేదాకా బాధపడ్డారు."

శ్రీచరణ్ గేటు వైపు చూశాడు.

"ఈయన పేరేటి? అడిగినావా?"

"...లేదమ్మా."

అతను లేచి స్కూటర్ తాళం తీశాడు. సరోజాదేవి గోడ గడియారం చూసింది.

"ఆ బండి ఎప్పుడో దాటిపోయింది, నాన్నా," అంది మెల్లగా. "మెడలోతు నీళ్లలో, మీ నాన్నని భుజాల మీద కూర్చోబెట్టుకుని, బోటొచ్చేదాకా కదలకుండా నిలబడ్డ మనిషిరా ఆయన."