చావడం చేతకాని ప్రొఫెసర్

ప్రొఫెసర్‌గారు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారంటే, ఆ ఇంట్లో ఎవరో ఒకరు చస్తారు.

మొదట్లో ఇరుగుపొరుగు హడలిపోయేవారు. తర్వాత అలవాటైపోయింది. చచ్చేది మనుషులు కాదు, ఆయన గొంతెత్తి నటిస్తూ చదివే నవలల్లో పాత్రలు. ఏళ్ల తరబడి ఆయన చెబుతున్న పాఠం ఒకటే: గొప్ప సాహిత్యంలో మృత్యువు, ఒంటరితనం. అలాగని ఎవరైనా పోతే చూడ్డానికి వెళ్లిన పాపాన పోలేదు. చావు ఇళ్లకు వెళ్తే ఆయనకు జలుబు చేస్తుంది. ఇక ఒంటరితనమంటారా, పక్కన పెళ్లాం కూర్చుని వడ్డించకపోతే ముద్ద దిగదు.

ఇంకో గొప్పతనం కూడా ఉంది. రెండు వాక్యాలు వరసగా గుర్తుండవు. నమస్కారం కూడా కాగితం చూసే పెడతాడని కాలేజీలో పిల్లలు నవ్వుకునేవారు. కళ్లజోడు లేకపోతే ఆ కాగితమూ దండగే. ఒక్క అక్షరం ఆనదు.

మర్నాడు పెద్ద సభ. ఎక్కడెక్కడి పండితులో వస్తున్నారు. వాళ్లచేత కన్నీళ్లు పెట్టిస్తే శాఖాధ్యక్షుడి కుర్చీ ఈయనది. లేకపోతే ఈయన నలుగురిలో మొద్దు అని తిట్టిన కుర్రాడిది. ఆ కుర్రాడి కింద పనిచెయ్యడం కంటే చావడం నయమని భోజనాల దగ్గర ఇప్పటికే చాలాసార్లు అన్నాడు. అందుకని సభలో చదవడానికి ఒక పాత నవలలో ఘట్టాన్ని ఎంచుకున్నాడు. ఇంటినిండా జనం ఉండగా, ఒక ముసలాయన తన గదిలో ఒంటరిగా, పిలిచి పిలిచి ప్రాణం వదులుతాడు. ఒక్కరూ రారు.

ఆయన చదువుతున్నప్పుడు తలుపు తీసే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. పెళ్లయిన కొత్తలో ఇలాగే లోపల్నుంచి "నీళ్లు, నీళ్లు" అని వినిపిస్తే భార్య చెంబుతో పరుగెత్తింది. అడిగింది నేనా పాత్రా, ఆ మాత్రం తెలియదా అని, వచ్చిన అతిథుల ముందే దులిపేశాడు. వచ్చిన ఏడుపంతా నీవల్ల పోయిందన్నాడు. ఇంటికప్పు కూలినా సరే, నేను తీసేదాకా తలుపు ముట్టుకోవద్దన్నాడు. ఆవిడ మళ్లీ ముట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నయ్య దిగాడు. కరెంటాఫీసులో గుమాస్తా. గర్వం మాత్రం నటుడిది. నాటకాల్లో బాణం తగిలి చచ్చాడు, విషం తాగి చచ్చాడు, క్షయతో దగ్గి దగ్గి చచ్చాడు. బతికుంటే నటిస్తాడని భయపడి దర్శకులు అతన్ని మొదటి అంకంలోనే చంపేసేవారు.

అతను వచ్చేసరికి ప్రొఫెసర్‌గారు సోఫాలో నడుం వాల్చి, నవల చదివి చదివి కునికిపాట్లు పడుతున్నారు. బావమరిది మొహం చూడగానే మండిపోయింది. ముక్తసరిగా పలకరించి, విసురుగా లేచి, గదిలోకి పోయి తలుపు ధడేలున వేసుకున్నారు.

ఖాళీ అయిన సోఫాలో అన్నయ్య సుఖంగా వాలాడు. వాలీ వాలగానే దిండు మీద ఫిర్యాదు. అంత జీతం తెచ్చుకునే మనిషి రాయిలాంటి దిండు వాడతాడేమిటన్నాడు. చెల్లెలు అది పట్టించుకోకుండా, రేపటి సభ సంగతీ, నవల్లో ముసలాయన చావు సంగతీ చెప్పి కాఫీ కలపడానికి వెళ్లింది.

కాసేపటికి గదిలోంచి మూలుగు మొదలైంది.

"మొదలెట్టాడు," అన్నాడు అన్నయ్య. "ఆ మూలుగేమిటమ్మాయ్, గేదె ఈనినట్టు? గుండెలోంచి రావాలి. ఇతనికి ముక్కులోంచి వస్తోంది."

లోపల ఏదో కింద పడింది. బల్ల మీది సామాను తోసి ఆర్భాటం చేస్తున్నాడనీ, గొంతులో పస లేనివాళ్లే సామాను పడేస్తారనీ అన్నయ్య తేల్చేశాడు.

"ఎవరైనా రండి," అంది గదిలో గొంతు. "ఊపిరాడటం లేదు."

చెల్లెలు కాఫీ గ్లాసుతో తలుపు దగ్గర ఆగింది. ఈసారి కాస్త నిజంలా ఉంది కదా అన్నయ్యా అంది.

అన్నయ్యకు ఒళ్లు మండింది. నిజంగా ఊపిరాడనివాడు ఊపిరాడటం లేదని అంత స్పష్టంగా చెబుతాడా అన్నాడు. క్షయతో చచ్చినప్పుడు తానెలా ఎగరొప్పాడో చేసి చూపించాడు కూడా. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. గదిలో గొంతు మళ్లీ పిలిచింది, ఈసారి సన్నగా.

"అసలు ఆ రాసినవాడికి బుద్ధి లేదు," అన్నాడు అన్నయ్య, గ్లాసు అందుకుంటూ. "ఇంటినిండా మనుషులుండగా ఒకడు అంతలా పిలిస్తే ఒక్కరూ లేవరా? ఎక్కడైనా ఉందా ఈ చోద్యం? ఇది విని ఏడవడానికి పండితులు రైళ్లెక్కి వస్తున్నారు."

"కాఫీ చల్లారిపోతుంది, తాగు," అంది చెల్లెలు.

తాగాడు. తాగుతున్నంతసేపూ లోపల గోకుతున్న చప్పుడు, తలుపు అడుగు నుంచి. తర్వాత అదీ లేదు.

అన్నయ్య చెవి రిక్కించాడు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అతనెప్పుడూ వినలేదు. చిట్టచివరికి ఒక్కటి సరిగ్గా చేశాడు, చచ్చాక నోరు మూసుకున్నాడు, ఈ ఒక్కదానికి కుర్చీ ఇచ్చినా ఇవ్వొచ్చు అన్నాడు. లోపలికి వినపడేలా మెచ్చుకుందామని లేచి కూర్చుని, గదివైపు తిరిగి గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఆ ఊపుకి దిండు జారి కింద పడి, ఇంతసేపూ అతని తలకు రాయిలా ఒత్తుకుంటున్న ఆ నవల బయటపడింది, గుర్తుగా మధ్యలో పెట్టిన ప్రొఫెసర్‌గారి కళ్లజోడుతో సహా.