సముద్రం కంటే పల్లం

కళింగపట్నంలో సముద్రం జగన్నాధం వాకిలి దాకా వచ్చేసింది. చిరిగిన వలలతో ఇసుక బస్తాలు బిగించి ఇంటికి అడ్డం పేరుస్తున్నాడు. అరుగు మీద కూతురు పింకీ సాంఘికశాస్త్రం పైకి చదువుతోంది.

"నెదర్లాండ్స్‌లో చాలాచోట్ల నేల సముద్రం కంటే పల్లం. అక్కడివాళ్లు సముద్రాన్ని ఆపి ఊళ్లు, రేవులు నిలబెట్టుకున్నారు."

కెరటం అడుగు బస్తాను లాక్కుపోయింది. పైవన్నీ కూలాయి.

"రేపు పరీక్షుంటే మాత్రం ఇక్కడేటి సదువే! మీ మావ ఇంటికి పో అన్నాను కదా!" అరిచాడు.

"పరీక్ష నిన్ననే అయిపోనాది నాన్నా."

"మరా పుస్తకమెందుకే?"

"ఆల్లు ఎలాగ ఆపినారో రాసుంటాదేమోనని సూస్తన్నాను."

జగన్నాధం బస్తా వదిలేసి దగ్గరికొచ్చాడు. "ఉన్నాదా? సదువు."

పింకీ పేజీ తిప్పింది. పాఠం అయిపోయింది. కింద ప్రశ్నలున్నాయి.

మొదటిది: నెదర్లాండ్స్ ప్రజలు సముద్రాన్ని ఎలా ఆపారు?