ఏడు గుర్రాల ఇంజను

భద్రమ్మ ఇంటి ముందు బండ మీద ఆంజినప్ప సుద్దముక్కతో ఇంజను బొమ్మ గీశాడు.

"క్రాంకును అరంగుళం జరుపుతామక్కా. పిస్టను నడక అంగుళం పెరుగుతాది. సిలిండరు కూడా కొంచెం తొలిపిస్తా. గాలి ఎక్కువ పీల్చుకుంటాది, ఎక్కువ గుంజుతాది. ఐదు గుర్రాల ఇంజను ఏడు గుర్రాలయితాది."

భద్రమ్మకు అర్థమైంది ఆ ఏడు ఒక్కటే.

ఊరికి కరెంటు ఇంకా రాలేదు. ఐదు గుర్రాలది చాలునని నాలుగు నెలల కిందట ఈ ఆయిలింజను తెచ్చి బిగించింది ఆంజినప్పే. కంబదూరు చుట్టుపక్కల ఇంజన్ల విషయంలో అతని మాటకు తిరుగులేదు. ఏం లాభం? తీరా తిప్పితే చిటికెన వేలంత ధార పడింది. బావిలో నిలువెత్తు నీళ్ళుండగానే రెండెకరాల వేరుశనగ కళ్ళముందే మాడిపోయింది. వచ్చే పంటా పోతే భద్రమ్మ కూలికి ఊరు విడవాల్సిందే.

ఈ పొద్దున ఆంజినప్ప కొలతలకని బావిలోకి దిగాడు. పైపు విప్పి, చూసి, మళ్ళీ బిగించాడు. పైకి రాగానే ఇంజను ఊడదీశాడు. అప్పటినుంచీ ఎవరి ముఖమూ చూడలేదు.

"చిన్న ఇంజను తెచ్చి నీ పంట మాడ్చినానక్కా. తప్పు నాదే" అన్నాడు. అలా అన్నందుకు ఇంకా సిగ్గుపడ్డాడు.

"దుడ్డు ఎంత అయితాదప్పా?" అని అడిగాడు పక్క చేను తిప్పయ్య.

"పైసా వద్దు. అనంతపురంలో లేతు పని ఖర్చు కూడా నాదే."

"చూసినావా భద్రమ్మా, ఇట్లాంటోడు యాడన్నా ఉంటాడా? ఇంకొకడైతే ఈపాటికి మొహం చాటేసుండేటోడు."

ఆంజినప్పకు చెవులు కాలినట్టయింది. బండ చీలి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

భద్రమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. "ఊరోళ్ళ ఇంజన్లు బాగు చేస్తావు. నీ తలగుడ్డ చూడప్పా, సగం చినిగిపోయి ఉండాది" అని నవ్వింది. చెంబు పెట్టడానికి అడ్డంగా ఉన్న అతని పనిముట్ల సంచిని జరపబోయింది.

ఆంజినప్ప దాన్ని గబుక్కున ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మసి అంటుకుంటాదక్కా."

మజ్జిగ చెంబును అలాగే పక్కన పెట్టాడు.

"నిజం చెప్పప్పా. ఈసారి నీళ్ళు వస్తాయా?"

"వస్తాయక్కా" అన్నాడు తలెత్తకుండా. ఆ ఒక్క మాట మాత్రం తడుముకోకుండా చెప్పాడు.

రాకేం చేస్తాయి, పైపు బిగించేనాడు లోపల మన్ను పడకుండా మూతిలో కుక్కి, తీయడం మరిచిన తన తలగుడ్డ ముక్క ఈ పొద్దునే బయటికొచ్చి ఆ సంచి అడుగున ఇంకా తడిగానే ఉంది.