పొట్టలో చప్పుడు

“ఇంటికి తీసుకెళ్లమ్మా. గుండె బాగా దెబ్బతింది. ఇక మా చేతుల్లో ఏమీ లేదు,” అన్నాడు చిన్న డాక్టరు.

ఎల్లేశం మంచం మీద కూర్చుని రొప్పుతున్నాడు. సాగర్ ఆనకట్ట పనిలో బండలు మోసి మోసి నడుం పడిపోతే, రెండు నెలల కింద ఈ పట్నం దవాఖానలోనే వెన్నుపూసకు ఆపరేషన్ చేశారు. నడుంనొప్పి పోయింది. కానీ సొంతూరు హాలియాకు వెళ్లిన పదిరోజులకే కాళ్లు ఉబ్బాయి, నాలుగడుగులు వేస్తే ఊపిరి ఆడడం లేదు.

భార్య నర్సింగమ్మ అతని పొట్ట మీద నుంచి చెయ్యి తీయలేదు. డాక్టరు మొహంలోకి సూటిగా చూసింది.

“తీస్కపోను సారూ. రోగం గుండెల లేదు, గీ పొట్టల ఉన్నది. నా చెయ్యి కింద ఇసుర్రాయి తిరిగినట్టు తిరుగుతాంది.”

“డాక్టర్ని నేనా, నువ్వా?”

“నూరు కాన్పులు చేసిన. కడుపుల సంగతి నాకెరుక. జర గొట్టం గీడ పెట్టుండ్రి.”

వార్డులో ఎవరో నవ్వారు. ఎల్లేశం ఆయాసంలోనే తల ఎత్తాడు.

“ఆమె చెప్పినట్టు చెయ్యుండ్రి సారూ. ఒక్కనాడూ తప్పు చెప్పలే.”

పీడ వదిలించుకుందామన్నట్టు డాక్టరు స్టెతస్కోపు గొట్టాన్ని బొడ్డు కింద ఆనించాడు. మొహం పాలిపోయింది. ఎడతెగని హోరు! మళ్లీ పెట్టి విన్నాడు. ఆ వెంటనే పెద్ద డాక్టరు కోసం పరుగెత్తాడు.

“వేలల్లో ఒకరికి ఇట్లా అవుతుంది,” అన్నాడు పెద్దాయన పరీక్ష చేసి. “వెన్ను ఆపరేషన్‌లో వెన్నుపూస ముందున్న రక్తనాళాలకు గాటు పడింది. రెండు నాళాలు కలిసిపోయాయి. నెత్తురు దారి తప్పి గుండెను అలసిపోయేలా చేస్తోంది. బాగు చేయొచ్చు.”

ఆ సాయంత్రమే మళ్లీ ఆపరేషన్. మూడు వారాలకు ఎల్లేశం కాళ్ల వాపు దిగింది, వరండాలో తనంతట తానే నడిచాడు.

ఇంటికి వెళ్లే రోజు పెద్ద డాక్టరు తన శిష్యులందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. నర్సింగమ్మ అటు తిరిగి దుప్పటి మడత పెడుతోంది.

“మేమెవరం పట్టుకోలేని చప్పుడు నీకెట్లా వినపడిందమ్మా?”

ఆమె వెనక్కి తిరగలేదు. ఎల్లేశం ఛాతీ గర్వంతో పొంగింది.

“ముంగటికొచ్చి అడుగుండ్రి సారూ. పదేండ్లప్పుడు జెరమొచ్చిన కాన్నుంచి ఆమెకు చెవులు ఇనపడవు.”